విశ్రాంతమ్మ కడిగిన గ్లాసులు

పళ్లెం మీద పీచు రెండుసార్లు గుండ్రంగా తిప్పి, అంచు వెంట బొటనవేలు పోనిచ్చి, ఎక్కడన్నా జిడ్డు తగిలితే మళ్లీ సబ్బు పెట్టడం విశ్రాంతమ్మ పద్ధతి. హోటల్ వెనక రేకుల పంచలో చిన్న పీట వేసుకుని, చీర కుచ్చెళ్లు మోకాళ్ల మధ్య దోపుకుని, తెల్లారకముందే మొదటి వాయి పళ్లేలు అయిపోగొట్టింది. డిసెంబరు చలికి కుళాయి నీళ్లు వేళ్లను కొరుకుతున్నాయి. ఆ వేళ్ల చర్మం ఎప్పుడో తెల్లగా నానిపోయి, మడతల దగ్గర పగిలి, ఇక మామూలు చేతుల్లా అయ్యే ఆశ వదిలేసుకుంది. గోళ్లు సగానికి అరిగిపోయాయి. తన పెళ్లిలో కూతురు గోరింటాకు పెడతానంటే, "ఈ చేతులకెందుకు బిడ్డా, సబ్బుకు పోతది" అని వెనక్కి లాక్కుంది.

సత్తుపల్లి నుంచి దమ్మపేట పోయే రోడ్డు మీద వెంకటప్పయ్య టిఫిన్ హోటల్ అది. బొగ్గు టిప్పర్ల డ్రైవర్లు, పామాయిల్ గెలలు తోలే ట్రాక్టర్ల వాళ్లు, భద్రాచలం బస్సు తప్పిపోయినవాళ్లు అక్కడ తింటారు. తిన్న పళ్లేలన్నీ కిటికీ లాంటి ఒక కంతలోంచి వెనక్కి వస్తాయి. మనుషుల మొహాలు విశ్రాంతమ్మకు పెద్దగా తెలియవు గానీ, వాళ్ల పళ్లేలు తెలుసు. చట్నీ ముట్టనివాడు, కారప్పొడి మిగిల్చేవాడు, పళ్లెం నాకినంత శుభ్రంగా తినేవాడు. రోడ్డు మీద ఎదురుపడితే ఒక్కరినీ గుర్తుపట్టలేదు పాపం.

ఆ రోజు క్రిస్మస్. పండుగపూట కూడా ఆమె పనికి వచ్చిందంటే కారణం ఒకటే. రెండో పనిమనిషి రాలేదు, పళ్లేలు వాటంతటవి కడుక్కోవు.

మూతికి పాత నూలుచీర చింపి రెండు మడతలు వేసి కుట్టుకున్న మాస్కు ఉంది. ముక్కు మీదికి ఉంది, అందరిలాగా గడ్డం కింద కాదు. మార్చి నుంచీ ఇదే వరస. పళ్లేలకు మరిగే నీళ్లు కావాలని పోరి, గ్యాసు ఖర్చని గొణిగిన వెంకటప్పయ్య చేత చివరికి రెండో పొయ్యి పెట్టించింది. పళ్లెం ముట్టుకున్న చేతితో మొహం తుడుచుకోదు. చెమట కళ్లలోకి కారినా భుజం ఎత్తి జాకెట్ చేతికి రుద్దుకుంటుంది గానీ చెయ్యి పైకి రానివ్వదు.

"కరోనా నిన్ను జూసి భయపడి ఆంధ్రాకు పారిపోతది విశ్రాంతమ్మా," అన్నాడు వెంకటప్పయ్య కంతలోంచి తల పెట్టి.

"పోనియ్యి అయ్యా. మా ఇంటి తోవ పట్టకుంటె చాలు," అంది ఆమె.

"రెండు వడలు పెడతున్న, తిని పో. పండగ గదా."

"పొయ్యి మీద నుంచి తీసి కాయితంల కట్టియ్యి. పళ్లెంల పెట్టకు."

వెంకటప్పయ్య నవ్వాడు. "ఏం మడి తల్లీ నీది."

అతను సరదాకు అన్నమాటే గానీ, ఎంగిలి విషయంలో విశ్రాంతమ్మకు నిజంగానే పట్టింపు ఎక్కువ. ముప్పై ఏళ్లుగా ఊరి ఎంగిలంతా కడిగింది, ఒక్క మెతుకు తినలేదు. ఇంట్లో పొయ్యి వెలగని రోజుల్లో కూడా, ఎవరూ వేలు పెట్టని దోసె సగం పళ్లెంలో తిరిగొస్తే, పక్కనున్న మనిషి చెంగులో కట్టుకుపొమ్మన్నా, తీసుకెళ్లి కుక్కలకు వేసింది. ఆ మొండితనానికి ఒక కారణం ఉంది. ఆమె హోటల్లో చేరిన కొత్తలో, వెంకటప్పయ్య తండ్రి రోజుల్లో, ఆమెకు టీ పోసే గ్లాసు వేరుగా ఉండేది. తాగి, కడిగి, పంచ చూరులో దోపాలి. ఊరందరి ఎంగిలి ఆమె చేతుల మీదుగా శుభ్రమయ్యేది గానీ, ఆమె ఎంగిలి గ్లాసును ముట్టుకునేవాళ్లు ఎవరూ లేరు. తండ్రి పోయాక వెంకటప్పయ్య ఆ గ్లాసు తీసి పారేశాడు, మంచివాడే. కానీ చూరులో దోపిన గ్లాసు ఆమె కడుపులో అట్లాగే ఉండిపోయింది.

అందుకే కాలనీ చర్చిలో మొదటిసారి ప్రభువు బల్లకు, రొట్టె, ద్రాక్షరసం అందరికీ పంచే చోట, మోకరించిన రోజు ఆమె ఎప్పటికీ మరిచిపోలేదు. పక్కన గని ఆఫీసు గుమాస్తా భార్య, మెడలో నాలుగు పేటల గొలుసు. ఆమె తాగిన వెండి గిన్నె అంచును అప్పటి పాస్టరుగారు తెల్లగుడ్డతో తుడిచి విశ్రాంతమ్మ పెదవులకు అందించారు. ఆ తర్వాత అదే గిన్నె అవతలి మనిషికి. తన పెదవి తగిలిన గిన్నెలో ఇంకొకరు మొహం చిట్లించకుండా తాగడం ఆమె బతుకులో అదే మొదలు. ఆ రోజు ఇంటికి పోయి మొగుడితో, "మావా, అక్కడ ఎంగిలి లేదు" అంది. కాశయ్యకు ఏం అర్థమైందో ఏమో, సరేనన్నాడు.

ఆ పై ఆదివారం నుంచి చర్చి ఊడవడం, చాపలు దులపడం, గిన్నె కడగడం ఆమె పనైంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ జీతం ఇస్తామనలేదు. ఆమె అడగనూ లేదు.

*

ఇంటికి చేరేసరికి ఎండ వేప కొమ్మల్లోకి దిగింది. ఆకుల మీద గని దుమ్ము పలచగా పట్టి ఉంది. తడిక తలుపు మోచేత్తో తోసి, వాకిట్లోనే చీర మీద ఇంకో చీర చుట్టుకుని, బకెట్టు నీళ్లు తల మీద గుమ్మరించుకుంది. పని చీర సబ్బునీళ్లలో ముంచింది. అప్పుడు గానీ గడప తొక్కదు. మార్చి నుంచీ చలికీ వానకీ ఈ స్నానం తప్పలేదు.

లోపల మంచం మీద కాశయ్య కూర్చుని ఉన్నాడు, రెండు చేతులూ మోకాళ్లకు ఆనించి. ఊపిరి తీసుకోవడానికి అతనికి అదే సుళువు. బొగ్గు బాయిలో పాతికేళ్లు పైగా చేశాడు. బాయి వదిలి చాలాకాలమైనా దుమ్ము అతని ఊపిరితిత్తులను వదల్లేదు. దొడ్డిదాకా పోయొస్తే కొలిమి తిత్తిలా ఎగరొప్పుతాడు. లాక్‌డౌన్ ముందు చూసిన డాక్టరు విశ్రాంతమ్మను పక్కకు పిలిచి, "ఈయనకు అది అంటుకుంటే మనం చేసేదేమీ ఉండదమ్మా" అన్నాడు. ఆ మాట విన్న రోజు నుంచి ఆమెకు ఇంకో పని లేదు. వంట, హోటలు, చర్చి అన్నీ పైపైన జరిగిపోతుంటాయి. లోపల ఒకటే పట్టుదల, అది ఈ గడప దాటి రాకూడదు. కాశయ్యను ఆమె ప్రేమించింది అని చెబితే ఆమే సిగ్గుపడి మూతి తిప్పుకుంటుంది గానీ, సంగతి అదే.

ఆమె తెల్లచీర మడత విప్పుతుంటే కాశయ్య చూస్తూ కూర్చున్నాడు.

"నేను గూడ వస్త," అన్నాడు.

"యాడికి?"

"యాడికేంది. చర్చికి. ఈ ఒక్కదినం. వెనక బెంచీల కూసుంట."

"కూసుంటవ్. నీ పక్కన దగ్గేటోడు గూడ వచ్చి కూసుంటడు." చీర కుచ్చెళ్లు సర్దుకుంటూ మొహం ఎత్తకుండానే అంది. "వద్దు మావా. నీ వంతు గూడ నేనే ప్రార్థన చేసొస్త."

కాశయ్య ఒకప్పుడు క్రిస్మస్ నెలంతా పాటల జట్టుకు డోలక్ వాయించినవాడు. రాత్రంతా వాడ వాడ తిరిగి, ప్రతి ఇంట్లో టీ తాగి, పొద్దున్నే షిఫ్టుకు దిగేవాడు. ఇప్పుడు పాట మొదలుపెడితే రెండో చరణానికి దగ్గు వస్తుంది. కాదన్నందుకు ఆమెకూ బాధే, కానీ మెత్తబడితే అయిపోయినట్టే.

ఇంతలో ఫోను మోగింది. ఖమ్మం ఖానాపురం హవేలి నుంచి కూతురు జెస్సికా. తెర మీద ముందు మనవరాలి ముక్కు కనబడింది, తర్వాత ఎర్ర గౌను.

"అమ్మమ్మా, గౌను జూడు," అంది ఆరాధన, ఫోను చుట్టూ గిర్రున తిరుగుతూ.

"చాన బాగుంది నా తల్లి. వెనక్కి జరుగు, మొత్తం కనబడాలె గదా."

జెస్సికా మొహం వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అమ్మా, ఇప్పుడన్నా సరే అను. బస్సు గూడ ఎక్కము. బండి మీద వచ్చి, బయటనే కూసోని, నాయినను చూసి పోతం."

"వద్దు బిడ్డా."

"పండగకు గూడ రావద్దంటే ఎట్లనమ్మా. నీకేమన్న రాయి గుండెనా."

"అవ్, రాయే," అంది విశ్రాంతమ్మ. "మీ నాయిన ఉంటే గదా మనకు పండగలు. ఈ ఏడు ఓర్చుకో. వచ్చే ఏడు నెలరోజులుందురు గాని. దానికి నేనే అరిసెలు చేసి పెడత."

ఫోను పెట్టేసి, తెర మీద పడ్డ నీటి చుక్కను కొంగుతో తుడిచింది. అది తలలోంచి కారిన నీళ్లే అన్నట్టు కాశయ్య అటు తిరిగాడు.

*

చర్చి అంటే పెద్ద కట్టడం ఏమీ కాదు. రేకుల కప్పు, సున్నం గోడలు, ముందు వెదురు బద్దలతో కట్టిన నక్షత్రం. లోపల నేల మీద సుద్దముక్కతో గుండ్రాలు గీసి ఉన్నాయి, మనిషికొక గుండ్రం. గీసింది విశ్రాంతమ్మే. పాస్టరు క్రిస్టోఫర్ గారు పండుగ ప్రార్థనను రెండు పూటలుగా విడగొట్టారు. కుర్రాడని ముసలివాళ్లు మొదట్లో లెక్కచేయలేదు గానీ, ఈ తొమ్మిది నెలల్లో ఆయన ఇల్లిల్లూ తిరిగి బియ్యం ఇచ్చిన తీరు చూశాక అయ్యగారూ అని నోరారా పిలుస్తున్నారు.

విశ్రాంతమ్మ గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్లందరి అరచేతుల్లో శానిటైజరు పోసింది. మాస్కు జారినవాళ్లను పేరు పెట్టి పిలిచి మరీ ఎక్కించింది. భారతమ్మ వచ్చింది, మడత నలగని తెల్ల పట్టుచీరలో, గొంతు సవరించుకుంటూ.

"ఏందక్కా, దగ్గుతున్నవ్?"

"చలిగాలే. పెండ్లికి పోయొచ్చినం గదా, ఐసు నీళ్లు తాగిన."

"కిటికీ కాడ కూసో. గాలి తగులతది."

"నువ్వు డాక్టరువైనవు పో," అని విసుక్కుంటూనే భారతమ్మ కిటికీ దగ్గర గుండ్రంలో కూర్చుంది.

ఈసారి వెండి గిన్నె లేదు. బల్ల మీద పెద్ద పళ్లెంలో చిన్న చిన్న ప్లాస్టిక్ గ్లాసులు వరసగా ఉన్నాయి, బొటనవేలంత పొడవు, కడిగి మళ్లీ వాడుకునేవి. విజయవాడ నుంచి తెప్పించారు, వాడడం ఇవ్వాళే మొదలు. వాటిని మొదటిసారి చూపించిన రోజు అయ్యగారు సంతోషంగా, "ఇక ఒకరి ఎంగిలి ఒకరికి అంటదు" అన్నారు. విశ్రాంతమ్మకు ఆ మాట ముల్లులా తగిలింది. చర్చి లోపల ఆ మాట వినడం ఆమెకు అదే మొదటిసారి. కానీ కాదనలేదు. నలుగురి క్షేమం కోసం గదా, తన ఇంట్లో తను చేస్తున్నదీ అదే గదా అని సర్దుకుంది.

ప్రార్థన అయింది. మనిషి తర్వాత మనిషి వచ్చి, రొట్టె ముక్క, చిన్న గ్లాసు తీసుకుని, మాస్కు కిందికి లాగి, గుటక వేసి, గ్లాసు ఇంకో పళ్లెంలో పెట్టి, మాస్కు పైకి లాక్కుని వెళ్లారు. అందరికీ తొందర. నోరు తెరుచుకుని ఉన్నంతసేపూ భయమే. కొందరు పెదవులు మాత్రం తడుపుకున్నారు. భారతమ్మ దగ్గు ఆపుకోలేక సగమే తాగి పెట్టేసింది. అందరూ అయ్యాక, కూజాలో మిగిలిన రసాన్ని ఎప్పటిలాగే అయ్యగారు సంఘం ముందే తాగేశారు, కూజా నీళ్లతో తొలిపి ఆ నీళ్లు కూడా తాగారు. ఎందుకంటే అది ప్రార్థన చేసిన రసం, ఒక్క బొట్టు నేల మీద పోయకూడదు. ఈ సంగతి ఆయన చాలాసార్లు చెప్పారు, ఆయన ముందు పాస్టరుగారూ చెప్పారు. ప్రార్థన అయినంక అది ద్రాక్షరసం కాదు, ప్రభువు రక్తం.

చిన్న గ్లాసుల అడుగున మిగిలేది ఏమవుతుందన్నది ఎవరికీ తట్టలేదు. వెండి గిన్నె రోజుల్లో ఆ ప్రశ్నే లేదు, ఆఖరి గుక్క అయ్యగారిదే. గ్లాసులు కొన్నవాళ్లు రోగం గురించి ఆలోచించారు, దూరం గురించి ఆలోచించారు, కడగడం గురించి అయితే అసలు ఆలోచించనే లేదు, దానికి విశ్రాంతమ్మ ఉంది గదా.

రెండో పూట ప్రార్థన కూడా అయి, జనం వెళ్లిపోయి, అయ్యగారు జబ్బుగా ఉన్నవాళ్ల ఇళ్లకు బయల్దేరాక, విశ్రాంతమ్మ పళ్లెం ఎత్తుకుని చర్చి వెనక కుళాయి దగ్గరికి పోయింది. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. చాకలిబండ లాంటి రాతి మీద పళ్లెం దించింది. గని వైపు మధ్యాహ్నపు బ్లాస్టింగ్ జరిగినట్టుంది, నేల చిన్నగా అదిరి, గ్లాసులన్నీ ఒకదానికొకటి తగిలి సన్నగా మోగాయి. అప్పుడు చూసింది. ఒక్కోదాని అడుగున ఎర్రగా, కొన్నిట్లో చుక్క, కొన్నిట్లో గుక్క.

కుళాయి కింద మోరీ ఉంది. మోరీ నీళ్లు గోడ కంతలోంచి వీధి కాలవలోకి పోతాయి, కాలవలో పందులు పొర్లుతుంటాయి. విశ్రాంతమ్మ ఒక గ్లాసు పట్టుకుని మోరీ దాకా వంచి, ఆగిపోయింది. చెయ్యి ముందుకు పోలేదు. అయ్యగారిని అడుగుదామంటే ఆయన లేరు. వేప మొదట్లో పోద్దామా అంటే అదీ నేలే. అట్లా కాసేపు నిలబడింది. వీధిలో ఎవరో పండుగ బాణసంచా కాలుస్తున్నారు.

ఆమెకు రోగం గుర్తులేక కాదు. అది నోటితో అంటుకుంటుందని ఆ కాలనీలో అందరికన్నా ముందు నమ్మింది ఆమే. మనుషుల ఎంగిలికి ఆమె ఎంత భయపడేదో ఈ తొమ్మిది నెలలూ చూసినవాళ్లకు తెలుసు. కానీ ఆ గ్లాసుల్లో ఉన్నది మనుషులది కాదని ఆమె లెక్క. ప్రభువు రక్తంలో రోగం ఎట్లా ఉంటుంది. తన పెదవి తగిలిన గిన్నెను ఇంకొకరి చేత తాగించిన ఆ బల్ల దగ్గర, ఇవ్వాళ ఎవరో తాగిన గ్లాసును చూసి తను మొహం తిప్పుకుంటే ఎట్లా ఉంటుంది. అట్లా చేస్తే చూరులో గ్లాసు దోపించిన వాళ్లకూ తనకూ తేడా ఏముందనిపించింది.

స్టీలు గ్లాసు ఒకటి తెచ్చుకుంది. చిన్న గ్లాసులు ఒక్కొక్కటే అందులో వంచింది, భారతమ్మది కూడా. ఒక్కోదాంట్లో రెండు చుక్కల నీళ్లు పోసి తొలిపి, ఆ నీళ్లూ అందులోనే పోసింది. గోడ వైపు తిరిగి, కొంగు తల మీదికి లాక్కుని, మాస్కు కిందికి దించింది. "మా మావకు ఊపిరియ్యి నాయనా" అని కళ్లు మూసుకుని మొత్తం తాగింది. వగరుగా, తియ్యగా, చల్లగా ఉంది. స్టీలు గ్లాసు కూడా తొలిపి ఆ నీళ్లు తాగేసింది.

తర్వాత మాస్కు ముక్కు మీదికి ఎక్కించుకుని, చిన్న గ్లాసులన్నీ సబ్బుతో తోమి, మరిగే నీళ్లలో రెండు మునకలు వేయించి, ఎండలో తెల్లగుడ్డ మీద బోర్లించింది. వచ్చే నెల బల్లకు ఎవరికీ ఏమీ కాకూడదు గదా.

*

ఇంటికొచ్చి మళ్లీ వాకిట్లో నీళ్లు పోసుకుంది. మొహం వెలిగిపోతోంది. గడప ఇవతలే నిలబడి కాశయ్యతో మాట్లాడింది.

"మావా, కొన్నొద్దులు నేను పంచల పండుకుంట. నీకు అన్నం గడప కాడ పెడత. ఇయ్యాల జనంల తిరిగిన. భారతక్క దగ్గుతున్నది గూడ."

"చలిల ఎట్ల పండుకుంటవ్?"

"బొంత ఉంది గదా." దాచుకోలేక చెప్పింది. "అయ్యగారు లేకున్నా ఆయన చెప్పినట్టే ఒక్కదాన్నే అంత మంచిగ చేసిన మావా. ఆ సిన్న గ్లాసులల్ల మిగిలింది ఒక్క బొట్టు గూడ కింద పోనియ్యలే."

కాశయ్య మంచి పని చేసినవన్నాడు. అతనికి ఈ చిన్న గ్లాసుల సంగతి తెలియదు, వెండి గిన్నె రోజులే కళ్లలో ఉన్నాయి.

సాయంత్రం పాటల జట్టు వచ్చింది. ఈ ఏడు ఎవరి ఇంట్లోకీ పోవద్దని నియమం, రోడ్డు మీదే నిలబడి పాడారు. డోలక్ వాయించేవాడు ఎవరో కొత్తవాడు, తాళం తప్పుతున్నాడు. లోపల మంచం పట్టె మీద కాశయ్య వేళ్లు సరైన తాళం వేయడం పంచలో ఉన్న విశ్రాంతమ్మకు వినబడింది. నడుమ గోడ ఉంది. ఆమె గోడకు వీపు ఆనించి పాట అయ్యేదాకా కదలకుండా కూర్చుంది. ఇన్నేళ్ల కాపురంలో ఇంత తృప్తిగా గడిచిన పండుగ ఇంకోటి లేదేమో.

కొత్త సంవత్సరం వచ్చేలోపే ఆమెకు జ్వరం తగిలింది. మొదట ఒళ్లునొప్పులంది, హోటలుకు పోవడం మానేసింది. కాశయ్య గడప దగ్గరికొస్తే చెయ్యి ఊపి లోపలికి పొమ్మంది. ఒక మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ ఊపిరి అందక పక్కకు ఒరిగింది. ఇరుగుపొరుగు 108కి ఫోను చేశారు. బండి వచ్చాక తనే లేచి, గోడ పట్టుకుని, మాస్కు సర్దుకుని నడిచింది. గేటు దగ్గర వెనక్కి తిరిగి, "మావా, బయటకు రాకు" అంది. ఖమ్మంలో దవాఖానా వార్డు కింద జెస్సికా పగలంతా నిలబడింది గానీ లోపలికి పోనివ్వలేదు. సంక్రాంతి ముందు రోజు ఉదయం విశ్రాంతమ్మ చనిపోయింది. ఇంటికి తేలేదు. జెస్సికాకు దూరం నుంచి ప్లాస్టిక్ కవరు చుట్టిన పొడుగాటి మూట మాత్రం కనబడింది, ఆ మూటకు ఆమె అమ్మా అని ఒకసారి పిలిచింది.

కాలనీలో ఇంకా నలుగురైదుగురికి వచ్చి తగ్గిపోయింది. భారతమ్మ కోలుకుంది. కాశయ్యకు రెండుసార్లు పరీక్ష చేశారు, రెండుసార్లూ ఏమీ లేదన్నారు.

క్రిస్టోఫర్ గారు వచ్చేసరికి కాశయ్య వాకిట్లో వేప నీడన మంచం మీద కూర్చుని ఉన్నాడు. జెస్సికా లోపల నిద్రపోతున్న ఆరాధన పక్కన ఉంది. అయ్యగారు దూరంగా కుర్చీ వేసుకున్నారు. ప్రార్థన చేశారు.

"ఎట్ల అంటిందో నాకు అర్థమైతలేదు కాశయ్యా," అన్నారు అయ్యగారు. "మా అందరికీ జాగ్రత్త నేర్పింది ఆమె."

"నాకూ అదే అయ్యగారూ. ఒకరి ఎంగిలి ముట్టే మనిషి గాదు. పండగనాడు గూడ గట్లనే వచ్చి నీళ్లు పోసుకుంది, నా దగ్గరికి రాలే." కాశయ్య ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "ఆ రోజెంత సంబరపడ్డదో. మీరు చెప్పినట్టే చేసిన, సిన్న గ్లాసులల్ల మిగిలింది ఒక్క బొట్టు గూడ కింద పోనియ్యలే అన్నది."

అయ్యగారు తల ఎత్తారు. మాస్కు పైన ఆయన కళ్లు ఒక్కచోటే నిలబడిపోయాయి. ఒళ్లో ఉన్న బైబిలు జారి కింద పడినా ఆయన చూసుకోలేదు.

"ఏందయ్యగారూ?"

"ఏం లేదు," అన్నారు ఆయన. "ఏం లేదు కాశయ్యా."

బైబిలు తీసుకోవడానికి వంగినప్పుడు ఆయనకు పంచలో గోడవార వెదురు గంప బోర్లించి కనబడింది. అంచు పైకి లేచి, కింద స్టీలు కంచం. ఆయన లేచి అక్కడికి పోయారు. రెండు చేతులతో గంప పక్కకు తీశారు.

"నేను కడుగుత కాశయ్యా. నన్ను కడగనియ్యి."

"వద్దయ్యగారూ," అన్నాడు కాశయ్య. లేచి రాబోయి, ఆయాసంతో మళ్లీ కూలబడ్డాడు. "బండి వచ్చిననాటి కంచమది, ఎవ్వర్ని ముట్టనియ్యలే. జెస్సికాను గూడ. అట్లనే ఉండనియ్యండి."

అయ్యగారు అక్కడే గచ్చు మీద కూర్చుండిపోయారు. కంచంలో సగం తిన్న అన్నం రాళ్లలా ఎండిపోయింది, పప్పు అంచుల్లో పగిలింది, నడుమ ఆమె నాలుగు వేళ్లు కలుపుతూ కలుపుతూ ఆగిన జాడ అట్లాగే ఉంది.